గ్యాసు కాదు, గాలి

పోయిన సంచికలో కరెంటు మీటరును గురించి వ్రాసినది చదివి, సంఘం సమావేశంలో కలిసిన ఇద్దరు ముగ్గురు పాఠకులు, "ఇంటి సంగతులు సరే, కారు సంగతి ఎప్పుడు వ్రాస్తారు?" అని అడిగారు. కారును గురించి వ్రాయడానికి నేను ఇంజనీరును కాను. మెట్రిక్యులేషను చదివి, ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో కాగితాలు కదుపుతున్న గుమాస్తాను. అయితే ఈ వేసవిలో మా కారు ఏసీతో నడిచిన వ్యవహారం ఒక ఫైలంత అయింది. అటువంటి ఫైలు కారున్న చాలా ఇళ్ళలో ఏదో ఒక రూపంలో ఉన్నదని తెలిసిన మీదట, నాది ఇక్కడ విప్పుతున్నాను.

ముందుగా ఎండ మాట. వేలూరును గురించి పెద్దలు పరిహాసంగా చెప్పే జాబితా ఒకటి ఉన్నది కదా: చెట్లు లేని కొండ, నీళ్ళు లేని నది, రాజు లేని కోట, దేవుడు లేని గుడి. ఇందులో దేవుడు 1981లో జలకంఠేశ్వరుడై తిరిగి కోటలోకి వచ్చాడు. నది కూడా 2021 నవంబరులో ఒడ్లు ఒరుసుకొని పారి, తాను బ్రతికే ఉన్నానని చూపించింది. జాబితాలో ఖాళీ పడిన చోట "చల్లదనం లేని ఏసీ" అని చేర్చుకోవచ్చునని నా మనవి. ఇక్కడివారు కత్తిరి అంటారు, మన పంచాంగం రోహిణీ కార్తె అంటుంది. రోళ్ళు పగలడానికి ఏ పేరైతేనేమి?

కారులో ఏసీ ఒక విలాసమని మా నాన్నగారి తరం అనుకునేది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మా మామగారికి గుడియాత్తం నుండి వేలూరు ఆసుపత్రికి వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు రావలసి వచ్చేసరికి ఆ మాట మారింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకొని లేచిన తర్వాత కాళ్ళు తేలిపోతుంటాయి. దాహమైతే కడుపునిండా నీళ్ళు త్రాగే వీలు కూడా లేదు, డాక్టరు కొలత పెట్టారు. అటువంటి మనిషిని మధ్యాహ్నం రెండు గంటలకు, కాట్పాడి, లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా ముప్పై చిల్లర కిలోమీటర్లు ఇనుప పెట్టెలో కూర్చోబెట్టి తీసుకుపోవడమంటే మాటలు కాదు. ఆ పని కోసమే రెండో చేతి కారు ఒకటి, ఆఫీసు సొసైటీలో అప్పు తీసి కొన్నాము. కొన్నప్పుడు నేను చూసినది ఇంజను కాదు, ఏసీ.

ఏప్రిల్ నెలలో రేడియేటరు కారడం మొదలుపెట్టింది. వేలూరులో ఒక షెడ్డులో ఇచ్చాము. (పేరు వ్రాయను. ఆ యజమాని చెడ్డవాడు కాడు, ఆ సంగతి చివర చెబుతాను.) రేడియేటరు విప్పి, అతికించి, మూడో రోజు ఇచ్చారు. నీరు కారడం ఆగింది. కాని ఆ సాయంత్రమే గ్రీన్ సర్కిల్ దగ్గర బండ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు ఏసీ నుండి వేడిగాలి తగిలింది. మా మామగారు సహనశీలి, ఏమీ అనలేదు. కండువా తీసి విసురుకున్నారు, అంతే. ఆ విసురుకోవడమే నాకు మాటకంటె గట్టిగా తగిలింది.

మరునాడు షెడ్డుకు పోతే, "గ్యాసు తగ్గింది సార్" అన్నారు. రెండువేల రెండు వందలు. ఆ పూట చల్లగానే ఉన్నట్టు తోచింది, సాయంత్రం కదా. నాలుగు రోజులకు మళ్ళీ అదే కథ. "ఇంకా కొంచెం పట్టాలి సార్" అన్నారు. పద్ధెనిమిది వందలు. ఈసారి మునుపటికంటె అధ్వాన్నం. నిలబడితే వేడే కాదు, ఇంజను వేడి చూపించే ముల్లు కూడా ఎప్పుడూ ఉండే గీత దాటి ఒక వేలెడు పైకి పోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఈ గ్యాసు అంటే ఏమిటో చెప్పుకుందాము. చాలామంది దీన్ని పెట్రోలు వంటిదనీ, వాడినకొద్దీ అయిపోతుందనీ అనుకుంటారు. అది పొరపాటు. ఈ గ్యాసు ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. సూది వేసే ముందు నర్సు స్పిరిటు దూది రుద్దితే చర్మం చల్లబడుతుంది కదా; స్పిరిటు ఆవిరైపోతూ మన ఒంటి వేడిని పట్టుకుపోతుంది. వేసవిలో కూజా చెమర్చి నీరు చల్లబడడమూ అదే సూత్రం. కారులో డాష్‌బోర్డు వెనుక ఒక జాలీ గొట్టం ఉంటుంది. అందులో ద్రవంగా వచ్చిన గ్యాసు ఆవిరై, లోపలి గాలిలోని వేడిని త్రాగుతుంది. ఆ ఆవిరిని ఇంజను దగ్గరి కంప్రెసరు నొక్కి, ముందుభాగాన రేడియేటరుకు ముందు నిలబెట్టిన మరో జాలీ గొట్టంలోకి తోస్తుంది. దీన్నే కండెన్సరు అంటారు. అక్కడ బయటి గాలి తగిలి, గ్యాసు తన వేడిని వదిలిపెట్టి మళ్ళీ ద్రవమై లోపలికి పోతుంది. అంటే ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని తోడి వీధిలో పోస్తుంది, పడవలోకి వచ్చిన నీళ్ళు తోడి ఏట్లో పోసినట్టు.

తోడడానికి చెంబు ఎంత ముఖ్యమో, పోయడానికి చోటు అంత ముఖ్యం. కండెన్సరుకు గాలి తగలకపోతే వేడి పోయే దారి లేదు. కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలి దానంతట అదే తగులుతుంది. నిలబడినప్పుడు ఆ పని చేయవలసినది రేడియేటరు వెనుక ఉండే కరెంటు ఫ్యాను.

ఇప్పుడు మా ఫైలు సంగతి. రెండోసారి గ్యాసు పట్టిన తర్వాత నేను ఆఫీసు అలవాటు చొప్పున ఒక పాత డైరీలో వ్రాయడం మొదలుపెట్టాను. తేదీ, గంట, చోటు, చల్లనా వేడా. పది రోజులు వ్రాశాను. లత్తేరి దాటిన తర్వాత ఖాళీ రోడ్డు: చల్లన. కె.వి.కుప్పం దారి: చల్లన. కాట్పాడి స్టేషను ముందర: వేడి. పాలారు వంతెన మీద బండ్లు కదిలినప్పుడు చల్లన, ఆగినప్పుడు వేడి. గ్రీన్ సర్కిల్: ప్రతిసారీ వేడి. ఈ డైరీ పట్టుకొని షెడ్డుకు పోతే అక్కడి పెద్ద మెకానిక్కు నవ్వి, "కారు నడిపేటప్పుడు ఇవన్నీ వ్రాస్తారా సార్? కంప్రెసరు పోయి ఉంటుంది, మార్చేద్దాం" అన్నాడు. అతను చెప్పిన ధర నా నెల జీతంలో సగానికి పైమాట.

నేను మార్చమనలేదు. నాకు ఒక్క సంగతి కొరుకుడు పడలేదు. రేడియేటరు పనికి కారు ఇచ్చిన రోజు ఉదయం వరకు ఏసీ బ్రహ్మాండంగా పనిచేసింది. తెచ్చుకున్న సాయంత్రం నుండి చేయడం లేదు. మధ్యలో జరిగినది రేడియేటరు విప్పడమే. ఏసీ గొట్టాల జోలికి తాము పోనేలేదని వారే అంటున్నారు. పోనప్పుడు గ్యాసు ఎలా తగ్గింది? పోయినదే నిజమైతే, కారే చోటు కనిపెట్టకుండా మళ్ళీ పట్టడం దేనికి? చిల్లి కుండలో నీళ్ళు పోయడానికి రెండువేల రెండు వందలా? ఈ ప్రశ్నకు షెడ్డులో ఎవరూ సమాధానం చెప్పలేదు. వారు దొంగలు కానక్కరలేదు. బిల్లు పుస్తకంలో గ్యాసుకు ఒక వరుస ఉన్నది, కంప్రెసరుకు ఒక వరుస ఉన్నది, కూర్చొని ఆలోచించినందుకు వరుస లేదు. ఎవరైనా ఏ వరుసలో డబ్బు వస్తుందో ఆ వరుసే పూరిస్తారు. మా ఆఫీసులోనూ అంతే.

గుడియాత్తంలో మా అత్తగారి వీధి చివర ఒక ఆటో ఎలక్ట్రీషియను ఉన్నారు. అరవై దాటిన మనిషి, చిన్న కొట్టు, పక్కనే మగ్గాల చప్పుడు. లారీలకు లైట్లు, హారన్లు కట్టడం ఆయన ముఖ్యమైన పని. "ఆయన్ని ఒకసారి అడగరాదూ?" అని మా అత్తగారు అంటే, సరేనని పోయాను. నేను కథంతా చెప్పబోతే చేయి అడ్డం పెట్టి, ఒక్కటే అడిగారు:

"నిలిస్తే వేడా, పోతే వేడా?"

"నిలిస్తేనే అన్నా."

"రేడియేటరు ఎప్పుడు విప్పినారు?"

రేడియేటరు మాట నేను ఇంకా ఎత్తనే లేదు. డైరీ చేతికిస్తే ఒక పుట చదివి, బుర్ర ఊపి, ఇంజను వేసి ఏసీ పెట్టమన్నారు. బానెట్టు క్రింద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. "తిరుగుతోంది కదన్నా" అన్నాను. ఆయన జేబులో నుండి బీడీ కట్ట మీది పలచని కాగితం తీసి, కారు ముందు గ్రిల్లుకు ఆనించి వదిలారు. ఫ్యాను లోపలికి గాలి పీల్చవలె; కాగితం గ్రిల్లుకు అంటుకొని నిలవవలె. అది కాస్తా ఎగిరి వచ్చి ఆయన బనీను మీద పడింది.

ఫ్యాను తిరుగుతూనే ఉన్నది, కాని ఎదురు తిరుగుతోంది. రేడియేటరు తీయడానికి ముందు ఫ్యానును విప్పవలసి ఉంటుంది. అప్పుడు సాకెట్టు విరిగిందో ఏమో, షెడ్డులో కుర్రవాడు రెండు తీగలూ కత్తిరించి, మళ్ళీ మెలిపెట్టి, టేపు చుట్టాడు. ఎర్రదానికి నల్లది, నల్లదానికి ఎర్రది. ఈ తరహా ఫ్యాను మోటారుకు తీగలు తారుమారైతే ఆగిపోదు, ఎదురు తిరుగుతుంది. అది ఇంజను వేడినంతా తెచ్చి కండెన్సరు మీదకు ఊదుతోంది. కారు పరుగెత్తితే ఎదురుగాలి ఫ్యానును గెలుస్తుంది, చల్లన. ఆగితే ఫ్యాను గెలుస్తుంది, వేడి. ఇంజను ముల్లు పైకి పోవడమూ అందుకే. నా డైరీ పది రోజులుగా ఈ మాటే చెబుతున్నది, చదివేవారు దొరకలేదు.

తీగలు మార్చి, టంకం పెట్టి, కొత్త సాకెట్టు బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడు వందలు తీసుకున్నారు. సాకెట్టుకు నూట యాభై, పనికి నూట యాభై. ఆ ప్రశ్నకు ఏమీ వేయలేదు.

కథ అంతటితో అయిపోలేదు. ఫ్యాను సరైన తర్వాత కూడా ఏసీ మునుపటంత చల్లగా లేదు. దానికి ఆయనే కారణం చెప్పారు: తగ్గని గ్యాసు మీద రెండుసార్లు గ్యాసు పట్టారు. ఎక్కువైతే ఒత్తిడి పెరిగి కంప్రెసరు ఆయాసపడుతుంది, చల్లదనం తగ్గుతుంది. కారులో ఎంత గ్యాసు ఉండవలెనో గ్రాములతో సహా బానెట్టు క్రింద ఒక చీటీ మీద అచ్చువేసి ఉంటుంది. చిన్న కార్లకు అర కిలోకు అటూ ఇటూగా ఉంటుంది, అంతే. మా కారు చీటీ మీద 400 గ్రాములని ఉన్నది. వేలూరులో గ్యాసును లోపలికి లాగి తూచే యంత్రం ఉన్నచోటికి పోయి తీయించితే 560 గ్రాములు వచ్చింది. ముందు తూచి, ఆ తర్వాత గొట్టాలలోని గాలినీ తడినీ పంపుతో లాగివేసి, తిరిగి 400 గ్రాములే పట్టారు. అప్పుడు గాని మా కారు మా కారు కాలేదు. తూకం వేయకుండా, మీటరు ముల్లు మాత్రం చూసి "చాలు" అనే చోట పట్టించడం, తక్కెడ లేని కొట్టులో బంగారం కొన్నట్టు.

ఇందులో మన జేబుకు మించిన సంగతి కూడా ఒకటి ఉన్నది. మొదట్లో కార్లలో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. అది ఆకాశంలోని ఓజోను పొరను తింటున్నదని తేలి, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒడంబడిక చేసుకున్నాయి. మన దేశం 1992లో అందులో చేరింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోను జోలికి పోదు గాని భూమిని వేడెక్కిస్తుంది. ఒక కిలో వదిలితే సుమారు పదమూడు వందల కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత. అందుకే 2016లో కిగాలీలో మరో ఒప్పందం కుదిరింది, మన దేశం 2021లో ఆమోదించింది. యూరోపులో 2017 నుండి కొత్త కార్లలో ఆర్-134ఏ వాడరాదు. షెడ్డులో నట్టు వదులు చేసి "బుస్సు"మని పాత గ్యాసు గాలిలోకి వదిలివేసే కుర్రవాడికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. ఆ బుస్సు వచ్చే ఏటి కత్తిరిలో మనకే తగులుతుంది. అలాగే, చౌక అని వంటగ్యాసు జాతి వాయువును ఏసీలో ఎక్కించే ప్రబుద్ధులు కూడా అక్కడక్కడ ఉన్నారు. అది అంటుకునే వాయువు. ఎంత తక్కువకు చెప్పినా ఒప్పుకోకండి.

పాతకాలపు ముచ్చట ఒకటి. కారులో ఏసీ అమ్మకానికి వచ్చినది అమెరికాలో, ప్యాకార్డు కంపెనీ 1940 మోడలు కార్లలో. ఆ యంత్రం డిక్కీలో సగం చోటు ఆక్రమించేది. ఆపవలెనంటే మీట లేదు. ఇంజను ఆపి, దిగి, బానెట్టు ఎత్తి, కంప్రెసరు బెల్టు చేత్తో ఊడదీయవలెను. ఆ బాధ పడలేక కొనేవారు కరువై ఒకటి రెండేళ్ళలో మానుకున్నారు. మీట నొక్కితే ఆగే మన ఏసీని చూస్తే, వారికంటె మనం అదృష్టవంతులమే.

ఇక షెడ్డు యజమాని. డైరీ, రెండు బిల్లులు, బీడీ కాగితం కథ, 560 గ్రాముల చీటీ, అన్నీ వరుసగా పిన్ను గుచ్చి తీసుకుపోయాను. గట్టిగా మాట్లాడలేదు. ఆయన అన్నీ చూసి, కాసేపు మౌనంగా ఉండి, రెండోసారి తీసుకున్న పద్ధెనిమిది వందలూ తిరిగి ఇచ్చారు. మొదటి రెండువేల రెండు వందలు ఇవ్వలేదు, "గ్యాసు కొన్నది నిజమే కదండీ" అన్నారు. నాకు ఆ వాదం నచ్చలేదు, ఆ మాట ఆయనతోనే అన్నాను. తీగలు మార్చి కట్టిన కుర్రవాడు వెనుక నిలబడి వింటున్నాడు. పదహారో పదిహేడో ఏళ్ళుంటాయి. అతన్ని తిడతారేమోనని, గ్రిల్లుకు కాగితం ఆనించి చూసే పద్ధతి అతనికే చేసి చూపించాను. తిట్టలేదు. ఆ మాత్రం మంచితనం ఆయనలో ఉన్నది.

కారు మరమ్మతుకు ఇచ్చే ముందు ఏసీ పెట్టి చూసి, "పనిచేస్తున్నది" అని జాబు చీటీ మీద వ్రాయించండి. తెచ్చుకునేటప్పుడు, డబ్బు ఇవ్వకముందే, నీడన కాదు, ఎండలో, కదలకుండా పది నిమిషాలు ఏసీ పెట్టి కూర్చోండి. నడుస్తున్న కారులో ఎవరి ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. కాగితం ముందు గ్రిల్లు బయటి నుండే ఆనించండి. చేయి, చీరె కొంగు, పంచె అంచు ఫ్యాను దరిదాపులకు పోనీయకండి. కారు క్రింద నీరు బొట్లు బొట్లుగా పడితే కంగారు పడకండి, లోపలి జాలీ మీద గాలిలోని తడి చెమర్చి కారేది అదే. పడకపోతేనే అనుమానించవలె. గాలి ఉరవడి తగ్గితే, గ్యాసు మాట ఎత్తకముందు గ్లవ్ పెట్టె వెనుక ఉండే ఫిల్టరు తీసి చూడండి. చాలా కార్లలో చేత్తో ఊడి వస్తుంది, దుమ్ము పట్టి గోనెపట్టాలా ఉంటుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ పెట్టి అద్దాలు మూసుకోకండి; రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి, ఆ తర్వాత మూసి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కండి. చంటిపిల్లలనూ పెద్దవారినీ "రెండు నిమిషాలే కదా" అని మూసిన కారులో వదిలి కొట్టులోకి పోకండి.

మాటతో పని జరగకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మరమ్మతు కూడా సేవే. సేవలో లోపానికి జిల్లా కమిషనులో ఫిర్యాదు చేసుకోవచ్చు, వేలూరులోనే ఉన్నది. ఇచ్చిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్ళు. ముందు సలహా కావలెనంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. వీటన్నిటికీ బిల్లు కావలె. "జీఎస్టీ లేకుండా అయితే రెండు వందలు తక్కువ సార్" అన్నప్పుడు, ఆ రెండు వందలు ఇచ్చి బిల్లు తీసుకోండి.